రిపోర్టులన్నీ నార్మల్, మనిషి మాత్రం మంచంలో

“టెస్టులన్నీ నార్మల్” అన్న మాట వింటే ఎవరికైనా ప్రాణం కుదుటపడుతుంది. నా బల్ల మీదికొచ్చే ఫైళ్లలో మాత్రం మొదటి దెబ్బ తగిలేది అక్కడే. థైరాయిడ్ నార్మల్, గుండె నార్మల్, ఎంఆర్ఐ నార్మల్. స్నానం చేసొచ్చి అరగంట నడుం వాలిస్తే గానీ చొక్కా తొడుక్కోలేని మనిషి సంగతి ఎక్కడో ఆరో పేజీలో ఉంటుంది. మొదటి పేజీతో ఆగిపోయినవాళ్లు “వైకల్యం రుజువు కాలేదు” అని ఉత్తరం పంపేస్తారు. ఆరో పేజీ దాకా చదివించడం నా ఉద్యోగం.

టెక్సస్‌లో ఒక కౌంటీ ఆఫీసులో మాజీ సైనికుల క్లెయిములు, అప్పీళ్లు చూసే సర్వీస్ ఆఫీసర్‌ని నేను. జీతం కౌంటీ ఇస్తుంది, వచ్చినవాళ్ల దగ్గర ఒక్క డాలరు కూడా తీసుకోం. పెళ్లికి ముందు హైదరాబాదులో, అమీర్‌పేటలో ఒక చిన్న కంపెనీలో రాత్రి షిఫ్టుల్లో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ చేసేదాన్ని. ఎన్నడూ చూడని అమెరికా డాక్టర్ల గొంతులు హెడ్‌ఫోన్లో వింటూ వాళ్ల రిపోర్టులు టైపు చేయడం. “పేషెంటు చూడటానికి శుభ్రంగా ఉన్నాడు, ఆహ్లాదంగా మాట్లాడాడు, తీవ్రమైన బాధలో ఉన్నట్టు కనిపించలేదు” అనే వాక్యం నా వేళ్లకు కంఠతా వచ్చేసింది. విరిగిన కాలికైనా, విరేచనాలకైనా డాక్టర్లు అదే అనేవాళ్లు. ఆ వాక్యం ఒకనాడు ఒక మనిషి పింఛనును ఆపగలదని అప్పుడు నాకు తట్టలేదు.

ఆరో పేజీలోని ఆ మనిషి జబ్బు క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్. దాన్ని మామూలు అలసట అనుకుంటారు. నిద్రపోతే తీరేది ఈ జబ్బు కాదు. శరీరానికో బుర్రకో కాస్త పని చెబితే ఆ రోజు ఎలాగో గడుస్తుంది, మరుసటి రోజో ఆ తర్వాతి రోజో మనిషి కుప్పకూలిపోతాడు. ఒళ్లంతా నొప్పులు, గొంతు మంట, వెలుతురు చూడలేకపోవడం, చెప్పబోయే మాట నోటి దాకా వచ్చి మాయమవడం. ఇలా రోజులు, ఒక్కోసారి వారాలు. 1980ల మధ్యలో నెవాడాలో తాహో సరస్సు ఒడ్డున ఇన్‌క్లైన్ విలేజ్ అనే ఊళ్లో ఇలాంటి రోగులు గుంపుగా కనబడ్డాక ఈ జబ్బు గురించి చర్చ పెరిగింది. 1988లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ దీనికి ఈ పేరు పెట్టింది. పత్రికలవాళ్లేమో “యప్పీ ఫ్లూ” అని వెక్కిరించారు, అంటే డబ్బున్న కుర్రకారు తెచ్చిపెట్టుకున్న రోగమని. 2015లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ ఇచ్చిన నివేదిక ఇది మనసు కల్పించిన జబ్బు కాదని తేల్చింది. అమెరికాలో 8,36,000 నుంచి 25 లక్షల మంది దాకా దీనితో బాధపడుతున్నారని, వాళ్లలో అత్యధికులకు జబ్బు పేరైనా తెలియదని అంచనా కట్టింది. ఇంతా చేసి, ఇదీ అని చూపించే రక్తపరీక్ష ఈనాటికీ లేదు. నయం చేసే మందు కూడా లేదు.

సైనికులకు దీనితో ముడి ఎక్కడ పడిందంటే, ఎడారిలో.

1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. అమెరికా దాదాపు 7 లక్షల మందిని గల్ఫ్‌కు పంపింది. 1991 ఫిబ్రవరిలో నేల మీద జరిగిన యుద్ధం 100 గంటల్లో ముగిసింది. అమెరికన్లలో చనిపోయినవాళ్లు తక్కువ, విజయయాత్రలు ఘనం. ఆ తర్వాత ఒక్కొక్కరే క్లినిక్కులకు రావడం మొదలైంది. ఒళ్లునొప్పులు, మతిమరుపు, నిద్రలేమి, విరేచనాలు, లేవలేని నీరసం. వాళ్లు అక్కడ పీల్చింది, మింగింది తక్కువేమీ కాదు. 600కు పైగా చమురు బావులు తగలబడుతుంటే ఆ పొగలో ఉన్నారు. నరాల మీద పనిచేసే విషవాయువు నుంచి కాపాడతాయని పిరిడోస్టిగ్మిన్ బ్రోమైడ్ మాత్రలు మింగించారు. గుడారాలకు, బట్టలకు పురుగుమందులు కొట్టారు. 1991 మార్చిలో ఇరాక్‌లోని ఖమిసియా ఆయుధాగారాన్ని అమెరికా సైనికులే పేల్చేశారు. అందులోని కొన్ని రాకెట్లలో సారిన్ ఉందన్న సంగతి బయటపడటానికి ఏళ్లు పట్టింది. 2005లో అచ్చయిన ఒక అధ్యయనం ప్రకారం గల్ఫ్‌కు వెళ్లినవాళ్లలో 1.6 శాతానికి క్రానిక్ ఫెటీగ్ ఉంటే, అదే కాలంలో సైన్యంలో ఉండి అక్కడికి వెళ్లనివాళ్లలో 0.1 శాతానికే ఉంది. వెళ్లినవాళ్లలో కనీసం నలుగురిలో ఒకరికి ఏదో ఒక రూపంలో గల్ఫ్ యుద్ధ రోగం ఉందని 2008లో ప్రభుత్వ సలహా సంఘమే చెప్పింది.

మాజీ సైనికుల శాఖను ఇక్కడ అందరూ వీఏ అంటారు. ఆ శాఖ వైకల్య భృతి ఇవ్వాలంటే మామూలుగా మూడు చూపించాలి: ఇప్పుడు జబ్బుంది, సర్వీసులో ఏదో జరిగింది, ఈ రెంటికీ సంబంధం ఉంది. మూడోది చెప్పగల డాక్టరు గల్ఫ్ సైనికులకు దొరకలేదు. కారణమే తెలియని జబ్బుకు సంబంధం ఎవరు రాస్తారు? అందుకని 1994లో అమెరికా కాంగ్రెస్ ఒక చట్టంతో కొత్త దారి వేసింది. 2001లో చట్టాన్ని సవరించి, 2002 మార్చి 1 నుంచి క్రానిక్ ఫెటీగ్, ఫైబ్రోమయాల్జియా, ఇరిటబుల్ బవెల్ అనే మూడింటి పేర్లూ అందులో చేర్చింది. ఆ ప్రాంతంలో పనిచేసి ఈ జబ్బు వచ్చిందంటే, సర్వీసు వల్లే వచ్చిందని చట్టమే అనుకుంటుంది. కారణం అడగకూడదు. ఇంకో విశేషం, చట్టం లెక్కలో గల్ఫ్ యుద్ధం 1990లో మొదలై ఇంకా ముగియలేదు. కాబట్టి 2003 తర్వాత ఇరాక్ వెళ్లిన కుర్రాళ్లకూ ఇదే వర్తిస్తుంది. 2022 ఆగస్టులో వచ్చిన పాక్ట్ చట్టం అఫ్గానిస్తాన్, సిరియా, జోర్డాన్ లాంటి దేశాలను కూడా కలిపింది. ఫలానా తేదీలోపు లక్షణాలు బయటపడాలన్న గడువునూ ఎత్తేసింది. జర్మనీలోనో, అమెరికాలోనే ఒక బేస్‌లోనో పనిచేసి ఇదే జబ్బు తెచ్చుకున్నవాడికి మాత్రం ఈ వెసులుబాటు లేదు. పాత పద్ధతిలో మూడూ చూపించుకోవాలి.

ఇంత ఉదారమైన చట్టం ఉండగా అప్పీళ్లెందుకు పుడుతున్నాయి? అమెరికా ప్రభుత్వ లెక్కల తనిఖీ సంస్థ జీఏఓ 2017లో ఇదే అడిగింది. 2015లో గల్ఫ్ యుద్ధ రోగాల క్లెయిముల్లో 17 శాతమే మంజూరయ్యాయి. మిగతా జబ్బుల మంజూరుతో పోలిస్తే ఇది మూడో వంతు. ఈ రోగాల మీద పరీక్ష చేసే డాక్టర్ల కోసం 90 నిమిషాల ఆన్‌లైన్ పాఠం ఒకటి తయారు చేసి పెట్టారు. అప్పటికి దాన్ని పూర్తి చేసినవాళ్లు పది శాతం. నన్నడిగితే ఆ నివేదికలో కళ్లు తెరిపించే అంకె ఈ పది శాతమే. చట్టం కారణం వద్దంటుంది, పరీక్ష గదిలో కూర్చున్న డాక్టరు తన చదువు ప్రకారం కారణమే వెతుకుతాడు. అక్కడే తప్పుతుంది దారి.

ఒకాయన ఫైలు చెబుతాను. ఆయన ఒప్పుకున్నాకే రాస్తున్నాను, ఆనవాళ్లు మార్చాను. 1991లో ఎడారిలో ఇంధనం ట్యాంకరు నడిపాడు. తిరిగొచ్చి ఏసీ మెకానిక్కు అయ్యాడు. టెక్సస్ ఎండలో మేడల మీద ఎక్కి పనిచేసిన మనిషి. ఇప్పుడు అరవైకి దగ్గర పడ్డాడు. 2021లో క్లెయిము వేశాడు. ప్రైవేటు కాంట్రాక్టు మీద పరీక్షలు చేసే ఒక క్లినిక్కుకు పిలిచారు. ఆ ప్రయాణం కోసం ముందు రెండు రోజులు మంచం దిగకుండా శక్తి దాచుకున్నాడట. కారు భార్యే నడిపింది. లోపల డాక్టరు “ఎలా ఉన్నారు?” అనగానే ఈయన “బాగానే ఉన్నానండి” అన్నాడు. సైన్యంలో చేసిన మగవాళ్లందరూ ఇంతే, కాలు తెగినా బాగానే ఉన్నానంటారు. రిపోర్టులో నా పాత చుట్టం కనబడింది: శుభ్రంగా ఉన్నాడు, ఆహ్లాదంగా మాట్లాడాడు, తీవ్రమైన బాధ లేదు. దాని కింద, అలసటకు స్లీప్ ఆప్నియా, బరువు, డిప్రెషన్ కారణం కావచ్చు అని ఒక ముక్క. ఇంటికెళ్లాక ఆయన నాలుగు రోజులు లేవలేదన్నది రిపోర్టులో ఎలా ఉంటుంది? అప్పటికే అది సంతకమై వెళ్లిపోయింది.

తిరస్కరించడానికి ఆ ఒక్క ముక్క చాలు. ఎందుకో చెప్పాలంటే నిబంధన విప్పాలి. వీఏ లెక్కలో ఈ జబ్బు ఉందనడానికి మూడు షరతులు. రోజువారీ పనులు మునుపటిలో సగం కంటే తగ్గిపోయేంత నీరసం కొత్తగా మొదలై ఆరు నెలలు ఉండాలి. ఇలాంటి లక్షణాలే తెచ్చే ఇతర జబ్బులు కారణం కాదని పరీక్షలు చేసి తేల్చాలి. పది లక్షణాల జాబితాలో కనీసం ఆరు ఉండాలి: హఠాత్తుగా మొదలవడం, కొద్దిపాటి జ్వరం, గొంతు వాపు, మెడలోనో చంకలోనో బిళ్లలు కట్టడం, కండరాల నొప్పి, శ్రమ చేశాక 24 గంటలైనా తీరని అలసట, కొత్త రకం తలనొప్పి, ఒక కీలు నుంచి ఇంకో కీలుకు మారే నొప్పి, మతిమరుపు లాంటివి, నిద్ర చెడటం. మొదటిదీ మూడోదీ ఎలాగో చూపించవచ్చు. అరవయ్యేళ్ల మనిషికి వేరే ఏ జబ్బూ కారణం కాదని చూపించే రెండోదే ప్రాణం తీస్తుంది. ఆ వయసులో బీపీ, షుగరు, గురక ఏదో ఒకటి లేనివాణ్ణి చూపించండి!

అయితే నిబంధన వేరే జబ్బులు ఉండకూడదని అనడం లేదు. ఈ నీరసానికి అవి కారణం కాకూడదంటుంది, అంతే. ఆ తేడాను కాగితం మీద పెట్టాలి. ఆయన స్లీప్ ఆప్నియాకు రాత్రిళ్లు సీపాప్ మెషీను పెట్టుకుంటాడు. ఆ మెషీను తన లెక్కలు తనే రాసుకుంటుంది. వాటిని తెప్పించాం. రాత్రికి ఏడు గంటలు వాడుతున్నాడు, శ్వాస ఆగడం గంటకు ఐదు సార్ల లోపే, అంటే ఆప్నియా అదుపులో ఉన్నట్టే. అయినా పొద్దున లేవలేకపోతున్నాడు. ఆయన సొంత డాక్టరు ఆ లెక్కలు చూసి ఒక పేజీ ఉత్తరం రాసిచ్చింది: ఆప్నియాకు చికిత్స అందుతోంది, డిప్రెషన్ ఈ నీరసం తర్వాత మొదలైంది, శ్రమ చేసిన మర్నాడు కూలిపోవడం ఈ రెంటిలో దేనికీ సరిపోదు. రోగి ఫైలు చదివానని కూడా అందులో రాయించాం. చదవకుండా ఇచ్చిన అభిప్రాయానికి విలువ ఇవ్వరు.

2019 ఫిబ్రవరి 19 నుంచి కొత్త అప్పీళ్ల పద్ధతి నడుస్తోంది. తిరస్కరణ ఉత్తరం తేదీ నుంచి ఏడాదిలోపు మూడింటిలో ఒక దారి పట్టాలి. కొత్త సాక్ష్యం ఉంటే సప్లిమెంటల్ క్లెయిము. కొత్తదేమీ లేదు, ఉన్నదే తప్పుగా చదివారంటే పైస్థాయి అధికారి పునఃపరిశీలన. ఇందులో కొత్త కాగితం ఒక్కటి కూడా చేర్చనివ్వరు, ఫోనులో తప్పు ఎత్తిచూపే అవకాశం మాత్రం ఉంటుంది. మూడోది వాషింగ్టన్‌లోని బోర్డ్ ఆఫ్ వెటరన్స్ అపీల్స్, అక్కడ న్యాయమూర్తి చూస్తాడు. ఏడాది దాటనివ్వకుండా ఒకదాని తర్వాత ఒకటి పట్టుకుపోతే, చివరికి గెలిచినప్పుడు మొదటి క్లెయిము తేదీ నుంచే బకాయి లెక్కగడతారు. ఒక్కసారి గడువు జారిందా, ఆ తేదీ పోతుంది. అందుకే మా ఆఫీసుకు ఎవరొచ్చినా నేను ముందు అడిగేది జబ్బు గురించి కాదు, ఉత్తరం మీద తేదీ గురించి.

బోర్డులోనూ ఓడితే 120 రోజుల్లో, మాజీ సైనికుల అప్పీళ్లు వినే కోర్టుకు వెళ్లవచ్చు. ఆ కోర్టు 1988 చట్టంతో పుట్టింది. అంతకు ముందు వీఏ కాదంటే దాదాపు కాదనే. లాయరు ఫీజు పది డాలర్లు మించకూడదని అంతర్యుద్ధం నాటి, అంటే 1864 నాటి పరిమితి కూడా 1988 దాకా బతికే ఉంది. పది డాలర్లకు ఏ లాయరు వస్తాడు!

మేం సప్లిమెంటల్ దారి పట్టాం. మెషీను లెక్కలు, డాక్టరు ఉత్తరం, వాటికి తోడు భార్య వాంగ్మూలం. ఆవిడ మొదట రాసుకొచ్చింది ఇలా ఉంది: “మా ఆయన చాలా కష్టజీవి. ఇప్పుడు ఎప్పుడూ అలసిపోయే ఉంటున్నాడు.” నిజమే, కానీ ఇది ఎవరి ఫైలులోనైనా పెట్టొచ్చు. “‘ఎప్పుడూ’ తీసేయండమ్మా, పోయిన శనివారం ఏం జరిగిందో రాయండి,” అన్నాను. అప్పుడు కలం కదిలింది. “శనివారం పొద్దున ఇంటి ముందు గడ్డి కోయడం మొదలుపెట్టి సగంలో మెషీను అక్కడే వదిలేశాడు. ఆది, సోమవారాలు మంచం దిగలేదు. మనవడి బేస్‌బాల్ ఆటకు వెళ్లలేదు. స్నానాల గదిలో ప్లాస్టిక్ కుర్చీ వేశాను. పొయ్యి వెలిగించి మర్చిపోయాడు కాబట్టి నేను లేనప్పుడు వంటింట్లోకి వెళ్లొద్దని చెప్పాను.” ఒకటిన్నర పేజీ. రోగాన్ని పేరు పెట్టి చెప్పే హక్కు భార్యకు లేకపోయినా, కళ్లతో చూసింది చెప్పే హక్కుంది. దాన్ని ఆవిడ డాక్టరు కాదన్న కారణంతో తోసెయ్యకూడదని కోర్టులు చెప్పాయి. ఇంకో సూత్రం కూడా మాకు అండ. అటూ ఇటూ సాక్ష్యం సమానంగా తూగితే సైనికుడిదే గెలుపు. 51 అక్కర్లేదు, 50 చాలు.

సర్వీసుతో సంబంధం ఒప్పుకున్నారు. వైకల్యానికి ఇచ్చిన రేటింగు 20 శాతం.

పై నిబంధన, ఈ అంకె పక్కపక్కన పెట్టి చూడండి. జబ్బుందని ఒప్పుకోవాలంటే రోజువారీ పనులు సగానికంటే తగ్గాలి. 20 శాతం రేటింగుకు అర్థం పనులు పావు వంతు కూడా తగ్గలేదని. ఒకే మనిషి, ఒకే ఉత్తరం! మధ్యలో కోలుకున్నవాళ్లకు ఈ తేడా పొసగుతుంది. ఈయన కోలుకున్నట్టు ఫైలులో ఎక్కడా లేదు. పనులు మునుపటిలో 50 నుంచి 75 శాతానికి పడిపోతే 40, సగం కంటే దిగితే 60, దాదాపు ఏమీ చేసుకోలేకపోతే 100. 2025 లెక్కల్లో ఒంటరి మనిషికి 20 శాతానికి నెలకు 346.95 డాలర్లు, 60కి 1,395.93, 100కి 3,831.30. పన్ను లేదు. మెకానిక్కు పని మానేసిన ఇంటికి ఇది అద్దె కట్టగలగడానికీ కట్టలేకపోవడానికీ మధ్య తేడా.

రేటింగుకు రెండో దారి కూడా ఉంది, అది ఇంకా చిత్రం. జబ్బు వస్తూ పోతూ ఉంటే ఏడాదిలో ఎన్ని వారాలు పూర్తిగా పడిపోయాడో లెక్కేస్తారు, ఆరు వారాలైతే 60. అయితే డాక్టరు మంచం దిగొద్దని చెప్పి చికిత్స చేసిన రోజులే లెక్కలోకి వస్తాయి. మందే లేని జబ్బుకు కూలిపోయిన ప్రతిసారీ డాక్టరు దగ్గరికి ఎవరు పోతారు? పోగలిగితే కూలిపోయినట్టెలా? నేను అందరికీ చెప్పేది ఒకటే. పడిపోయిన రోజున వీఏ వాళ్ల సైట్లోని మై హెల్తీవెట్‌లో డాక్టరుకు రెండు వాక్యాల సందేశం పంపండి. తేదీ పడుతుంది, డాక్టరు జవాబు పడుతుంది, ఫైలులో ఉండిపోతుంది.

యుద్ధ భయం మనసును వదలని జబ్బు, పీటీఎస్‌డీ కూడా ఉన్నవాళ్లకు ఇంకో చిక్కు. నిద్ర పట్టకపోవడం, మనసు నిలవకపోవడం దానిలోనూ లెక్కకొస్తాయి. ఒకే లక్షణానికి రెండుసార్లు డబ్బివ్వరు. అందుకే వాళ్ల అప్పీళ్లలో శ్రమ తర్వాత కూలిపోవడం, ఒళ్లు నొప్పులు, జ్వరం మీద బరువు పెడతాం.

20 శాతం మీద బోర్డుకు వెళ్లాం, విచారణ కావాలని అడిగాం. చాలాకాలం పట్టింది. విచారణ వీడియోలో, ఆయన ఇంట్లో సోఫా మీది నుంచే. ప్రమాణం చేయించారు. ఎదుటి పక్షం లాయరంటూ ఎవరూ ఉండరు. సినిమాల్లో చూసిన కోర్టు ఊహించుకుని వచ్చేవాళ్లకు ఇది వింతగా ఉంటుంది. దానికి ముందు మేం ఒక కాగితం మీద రెండు గళ్లు గీసి పంపాం: జబ్బుకు ముందు వారంలో చేసే పనులు, ఇప్పుడు చేసేవి. ముందు గడిలో వారానికి యాభై గంటల పని, చర్చిలో కుర్చీలు సర్దడం, చేపలు పట్టడం, ఇంటి మరమ్మతులు. ఇప్పటి గడిలో పోస్టు డబ్బా దాకా నడక, వారానికి మూడు స్నానాలు, చిన్న గిన్నెలు కడగడం. శాతం ఎంతని మేం రాయలేదు. న్యాయమూర్తి ఆ కాగితం చదివి, “పోయిన నెలలో పైజామా మార్చని రోజులు ఎన్ని?” అని అడిగారు. ఆయన అలవాటుగా “బాగానే...” అని మొదలుపెట్టి, పక్కనున్న భార్యను చూసి ఆగి, “సగం పైనే, సర్,” అన్నాడు.

60 వచ్చింది, బకాయితో సహా. చెవుల్లో హోరుకు ఇదివరకే 10 ఉంది. 60, 10 కలిపితే ఇక్కడ 70 కాదు. మిగిలిన 40లో పదో వంతు తీసి 64 అంటారు, దాన్ని మళ్లీ 60కి దించుతారు. ఈ లెక్క ఎంత చెప్పినా ఎవరూ నమ్మరు, పట్టిక చూపించాల్సిందే.

ఒక్క జబ్బుకే 60 ఉన్నవాడు, దానివల్ల ఉద్యోగం చేయలేనని చూపిస్తే 100 శాతం భృతి అడగవచ్చు. ఆ ఫారం ఇప్పుడు సగం నిండి నా దగ్గరుంది. చివరిసారి పూర్తికాలం పనిచేసిన తేదీ, పాత యజమానుల చిరునామాలు, అనారోగ్యం వల్ల పోయిన రోజులు అడుగుతుంది. ఆయనకు తేదీలు గుర్తులేవు. గురువారం ఆవిడ పాత పన్ను కాగితాల పెట్టె తెస్తానంది.